చెప్పుల కాపలా మానేసి... ఉయ్యాలెక్కాను!

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి షికారుకెళ్లినా నా ఉద్యోగం ఒక్కటే. సామాన్ల దగ్గర కూర్చోవడం! బీచికెళితే చెప్పులకు కాపలా, ఎగ్జిబిషన్‌కెళితే సంచులకు కాపలా, పార్కుకెళితే నీళ్ల సీసాలకూ పిల్లల స్వెట్టర్లకూ కాపలా. ‘నువ్వున్నావని మాకెంత నిశ్చింతో’ అనేవాళ్లు మావాళ్లు. అందులో వెక్కిరింపు లేదు, ప్రేమే. కానీ యాభై ఏళ్లకు పైగా అదే బెంచీ మీద కూర్చుంటే ఆ ప్రేమ కూడా కాస్త బరువుగానే ఉంటుంది.

నాకు ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కుడికాలు చచ్చుబడిపోయింది. అప్పట్లో మా పల్లెలో పోలియో చుక్కల సంగతి ఎవరికీ తెలియదు. మా ఊరు నరసరావుపేట దగ్గర. తొడ దాకా ఇనప కాలిపర్, చేతిలో కర్ర... వాటితోనే చదువుకున్నా, వాటితోనే ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పా, పెళ్లి చేసుకున్నా, ఇద్దరు పిల్లల్ని పెంచా. ఇవేవీ నాకు గొప్పగా అనిపించవు. అందరూ చేసేవే కదా! నేను చేయనిది ఒక్కటే మిగిలిపోయింది. ఉయ్యాల ఊగలేదు.

అట్లతద్ది అంటే మా వైపు ఆడపిల్లలకు ఉయ్యాల పండగే. చీకటితోనే లేచి, గోంగూర పచ్చడితో అన్నం, గడ్డపెరుగు తిని ఊరి చివర చింతచెట్టు దగ్గరకు పరుగెత్తేవాళ్లు. నన్ను మా నాన్న భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. తీరా అక్కడికెళ్లాక అమ్మ నన్ను చెట్టు మొదట్లో కూర్చోబెట్టేది. ‘‘నువ్వొద్దు తల్లీ. కాలు పట్టు లేదు. జారావంటే ఉన్న కాలు కూడా పోతుంది. ఇదిగో, అక్కావాళ్ల చెప్పులు చూస్తూ ఉండు’’ అనేది.

పెద్దయ్యాక లెక్కల టీచర్నయ్యా కదా, ఆలోచిస్తే నవ్వొచ్చింది. పీట మీద కూర్చుని ఊగడానికి కావలసింది చేతుల పట్టు. చిన్నప్పటి నుంచీ కర్ర మీద బరువు మోపి నడిచినదాన్ని, చేతుల్లో నాకున్న బలం మా అక్కయ్యలెవరికీ లేదు. అమ్మకా సంగతి ఎవరు చెబుతారు?

కొలంబస్ దగ్గర ఏం జరిగిందంటే...

టీచరయ్యాక ఒకసారి ఈ బెంచీ ఉద్యోగం వదిలేద్దామని గట్టిగా అనుకున్నా. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లాం. ఓ పట్నం శివార్లలోని పార్కు. పేరెందుకులెండి. ‘‘టీచర్, మీరూ రండి టీచర్’’ అని పిల్లలు చేతులు పట్టుకు లాగుతుంటే కొలంబస్ పడవ క్యూలో నిలబడ్డా. ఎండలో ముప్పావుగంట! ఎక్కి కూర్చున్నా కూడా. ఆడించే అబ్బాయి అడ్డకడ్డీ వేయడానికి వచ్చి, చీర కుచ్చిళ్ల కింద కాలిపర్ చూశాడు. అంతే. పడవ ఆపించి ‘‘మీరు దిగాలమ్మా’’ అన్నాడు. నలభైమంది పిల్లల ముందు, నా పిల్లల ముందు, కర్ర అందుకుని దిగాను.

అతణ్ని నేను తప్పు పట్టను. ఆ కుదుపుకు కాలిపర్ ఎక్కడైనా ఇరుక్కుంటే నిజంగా ప్రమాదమేనేమో. నా బాధల్లా వేరు. ‘ఇలాంటివాళ్లు ఈ కారణంగా ఎక్కకూడదు’ అని గేటు దగ్గర ఒక్క బోర్డు లేదు. ఉంటే నేను క్యూలోనే నిలబడేదాన్ని కాదు కదా! ఇంకేం ఎక్కొచ్చో చెప్పేవాళ్లూ లేరు. ఆ రోజు తర్వాత పార్కు అనే మాట వినపడితే సంచులు నేనే అడిగి తీసుకుని బెంచీ వెతుక్కునేదాన్ని.

‘మళ్లీ వేరే బల్లా?’

మా అబ్బాయి, కోడలు టెక్సాస్ రాష్ట్రంలో ఆస్టిన్‌లో ఉంటారు. పోయిన వేసవిలో వెళ్లాను. వెళ్లిన వారానికే కోడలు ‘‘అత్తయ్యా, శాన్ ఆంటోనియోలో ఓ పార్కుంది, మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని. వీల్‌చైర్లో ఉన్నవాళ్లు కూడా అన్నీ ఎక్కొచ్చట. మీరూ ఎక్కొచ్చు’’ అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ‘‘అంటే కుంటివాళ్లకి వేరే పార్కా? బళ్లో ఉన్నప్పుడు నన్ను వేరే బల్ల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడీ వయసులో మళ్లీ వేరే బల్లా?’’ అన్నా. పాపం ఆ పిల్ల ఏమీ అనలేదు. రాత్రి గిన్నెలు సర్దుతూ ఆ పార్కు కథ మెల్లగా చెప్పుకొచ్చింది.

శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అని ఇళ్లు కట్టే వ్యాపారి. ఆయన కూతురు మోర్గాన్‌కు శారీరకంగానూ, మానసిక ఎదుగుదలలోనూ వైకల్యం ఉంది. ఓసారి సెలవులకెళ్లినప్పుడు ఈతకొలనులో కొందరు పిల్లలు బంతాట ఆడుతుంటే ఈ పిల్ల తనూ ఆడాలని దగ్గరకెళ్లింది. ఈ పిల్లతో ఎలా ఉండాలో తెలియక వాళ్లు ఆట ఆపేసి వెళ్లిపోయారు. ఆ తండ్రి మనసులో ఆ దృశ్యం నిలిచిపోయింది. 2005లోనే తన వ్యాపారాలు అమ్మేసి, భార్యతో కలిసి ఫౌండేషన్ పెట్టాడు. పాడుబడిన రాతి క్వారీ స్థలంలో 25 ఎకరాల్లో ఈ పార్కు కట్టించి 2010 ఏప్రిల్‌లో తెరిచాడు. వైకల్యం ఉన్నవాళ్లకు టికెట్ లేదు. మిగతావాళ్లు కొనుక్కోవాలి.

‘‘ఇది మీలాంటివాళ్లను వేరుగా కూర్చోబెట్టే పార్కు కాదత్తయ్యా. అందరూ ఒక్కచోటే ఆడుకోవాలని కట్టింది. వచ్చేవాళ్లలో ఏ ఇబ్బందీ లేనివాళ్లే ఎక్కువట’’ అంది.

ఆ ఈతకొలను సంగతి విన్నాక నేనిక వాదించలేదు. చింతచెట్టు కింద కూర్చున్న పిల్లకు ఈతకొలనులో పిల్ల సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో పేచీ మిగిలింది, చక్రాల కుర్చీ. నేనెప్పుడూ కుర్చీ ఎక్కలేదు. ఎక్కితే ఓడిపోయినట్టేనని నా మొండితనం. కానీ ఈ అయిదారేళ్లుగా మంచికాలు కూడా త్వరగా అలసిపోతోంది. పోలియో వచ్చిన పదిహేను నుంచి నలభై ఏళ్ల తర్వాత కొందరిలో ఇలా కొత్తగా నీరసం, నొప్పులు మొదలవుతాయనీ, దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారనీ డాక్టరు చెప్పాడు. పోలియోను దాటేశామని ధీమాగా ఉన్న నాలాంటివాళ్లు ఇది తెలుసుకోవాలి. కండరాలకు విశ్రాంతినివ్వాలే తప్ప పంతానికి పోయి నడవకూడదట. ఇరవై అయిదెకరాలు నడిచి, ఉయ్యాల దగ్గరకొచ్చేసరికి కూలబడితే ఏం లాభం? మా అబ్బాయి మడత కుర్చీ కొనుక్కొచ్చాడు. నోరు మూసుకుని కూర్చున్నా.

చీర కూడా వదిలేశానండోయ్! కుర్చీ చక్రంలో కొంగు పడిందంటే మెడకే ముప్పు. కోడలు కొన్న పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ ఇంట్లోనే పెట్టి బయల్దేరా. ‘నానమ్మా, నువ్వు అత్తలా ఉన్నావ్’ అని మనవరాలి మెచ్చుకోలు.

ఉయ్యాలకు తలుపు

ఆస్టిన్ నుంచి కారులో గంటన్నర ప్రయాణం. గేటు దగ్గర మా ముగ్గురికీ టికెట్ తీసుకున్నారు, నాకు తీసుకోలేదు. ‘ఉచితం’ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. డబ్బిస్తానని వాదనకు దిగాను కూడా. మా అబ్బాయి నవ్వి ‘‘అమ్మా, నీ కాలిపర్లకీ, బూట్లకీ, ఆటోలకీ ఇన్నేళ్లలో నువ్వు పెట్టిన ఖర్చు లెక్కేస్తే ఈ టికెట్ ఎప్పుడో కొనేశావు’’ అన్నాడు. లెక్కల టీచరు కొడుకు కదా!

లోపలికెళ్లగానే నేను చూసింది నేలని. మీరు నవ్వినా సరే, కర్రతో నడిచేవాళ్లు ఎక్కడికెళ్లినా ముందు చూసేది నేలనే. గుమ్మం ఎత్తెంత, మెట్లెన్ని, ఎక్కడ జారుతుంది, ఎక్కడ గుంట ఉంది... ఇవి చూశాకే గోపురమైనా, తాజ్‌మహలైనా. ఇక్కడ వెతికి వెతికి అలిసిపోయాను. మెట్టు కనపడలేదు. రైలు దగ్గర లేదు, రంగులరాట్నం దగ్గర లేదు, బాత్‌రూమ్‌ దగ్గరా లేదు. కాసేపటికి నేల చూడటం మానేశా. తలెత్తి చూస్తే చెట్లు, ఆకాశం, జనం! ఎన్నేళ్లయిందో అలా తలెత్తుకుని తిరిగి.

జనం సంగతీ చెప్పాలి. చక్రాల కుర్చీలో పదేళ్ల పిల్లాడు, వాడితో పందెం వేసి పరుగెత్తుతున్న తమ్ముడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దాలకు బెదరకుండా తిరుగుతున్న ఆటిజం ఉన్న అమ్మాయి. మనవడు తోస్తుంటే కుర్చీలో కూర్చున్న ముసలాయన. పనిచేసేవాళ్లలోనూ వైకల్యం ఉన్నవాళ్లున్నారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. మన దగ్గర నేను రోడ్డు దాటుతుంటే నాలుగు జతల కళ్లు నా కాలి మీదే ఉంటాయి. ఆ చూపుల బరువు ఎంతుంటుందో, అవి లేని చోటికెళ్లినప్పుడే తెలిసింది.

రంగులరాట్నం మీద గుర్రాల పక్కనే చక్రాల కుర్చీకి చోటు. గుర్రం పైకీ కిందికీ కదిలినట్టే కుర్చీ ఉన్న బండి కూడా కదులుతుంది. పక్క గుర్రం మీద మనవరాలు. అది పైకి లేస్తే నేను కిందికి, నేను లేస్తే అది కిందికి. ఇంతకు ముందైతే అది గుర్రమెక్కి చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా నేను బెంచీ మీంచి చెయ్యి ఊపేదాన్ని.

తర్వాత ఉయ్యాలల దగ్గరకెళ్లాం.

మామూలు ఉయ్యాలల్లాగే గొలుసులున్నాయి. పీటకు బదులు వెడల్పాటి బల్లలాంటిది ఉంది. దాని అంచు పలకను వంచితే నేలకు ఆనుతుంది. దాని మీదుగా కుర్చీ నేరుగా బల్ల మీదకు వెళ్లిపోతుంది. చక్రాలను కదలకుండా బిగించాక పలకను మళ్లీ పైకి లేపితే తలుపులా మూసుకుంటుంది. ఇంతే! ఇందులో అంతరిక్ష విజ్ఞానమేమీ లేదు. మా ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కుకు వెనక తలుపు బిగించే వెల్డింగ్ షాపతను కొలతలిస్తే వారంలో చేసిపెడతాడు. అది చూసి నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చిన్న పనికి నేను అరవై ఏళ్లు ఆగానా అని!

మా అబ్బాయి వెనక నిలబడి ‘‘తొయ్యనా అమ్మా?’’ అన్నాడు. మెల్లగా తోశాడు. రెండోసారి ఇంకొంచెం. ఒక్కసారిగా కడుపులో ఏదో జారినట్టు... మీరంతా అయిదేళ్లప్పుడే చూసేసిన సంగతే. నాకు కొత్త. ముందుకెళ్లినప్పుడు మొహాన గాలి, వెనక్కొచ్చినప్పుడు వెన్ను తేలిపోవడం. గట్టిగా అరిచానట. కోడలు ఫోన్లో వీడియో తీసింది. అందులో నా గొంతు నాకే తెలియలేదు.

మనవరాలు అడిగింది, ‘‘నానమ్మా, నువ్వు చిన్నప్పుడు ఊగలేదా?’’

‘‘లేదే.’’

‘‘ఎందుకు?’’

ఏం చెప్పను? ‘‘మా ఊరి ఉయ్యాలకు తలుపు లేదే’’ అన్నా. ‘‘ఓహో’’ అని వెళ్లిపోయింది. దాని వయసుకు ఆ జవాబు సరిపోయింది.

మధ్యాహ్నం పక్కనే ఉన్న నీళ్ల పార్కుకు వెళ్లాం. 2017లో తెరిచారు. బ్యాటరీ కుర్చీ నీళ్లలోకి తేలేం కదా. అందుకని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్యాటరీ లేకుండా ఒత్తిడి పెట్టిన గాలితో నడిచే కుర్చీని తయారుచేశారు. నాకది అవసరం పడలేదు. నీళ్లకు పాడవని మామూలు కుర్చీలో కూర్చున్నా. కాలిపర్ తీసి కోడలి చేతికిచ్చా. నలుగురిలో కాలిపర్ తీయడం నా జీవితంలో అదే మొదలు. పైనుంచి నీళ్లు పడుతుంటే పిల్లల మధ్య తడిసి ముద్దయ్యా. వెనక్కి తిరిగి చూస్తే మా కోడలు బెంచీ మీద కూర్చుని సంచులకూ, నా కాలిపర్‌కూ కాపలా కాస్తోంది! చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే అనిపించింది.

ఏ మాటకామాటే. టెక్సాస్ ఎండ మన రెంటచింతలను తలపించింది. ఆ ఎండకు కుర్చీ చక్రం పట్టుకుంటే చేయి కాలింది. పైగా ఇది చిన్న పార్కు. ఒళ్లు గగుర్పొడిచే రైడ్లు కావాలనుకుంటే నిరాశపడతారు. నాకు ఉయ్యాలే కావాలి గనక ఏ లోటూ కనపడలేదు.

బయల్దేరేముందు

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే తల్లులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు, నాలాంటివాళ్లు. డిస్నీ వరల్డ్ లాంటి పెద్ద పార్కులకు వెళ్తే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతా.

ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. కుర్చీలోంచి లేచి, పక్క సీట్లోకి మీ అంతట మీరు మారగలరా? పెద్ద పార్కుల్లో అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని రైడ్లలో కుర్చీలోనే కూర్చుని వెళ్లొచ్చు. డిస్నీలో బొమ్మల మధ్య పడవ మీద తీసుకెళ్లే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ అలాంటిదే. కొన్నింటికి కుర్చీ దిగి సీట్లోకి మారాలి. అలా మార్చడానికి సిబ్బంది మిమ్మల్ని ఎత్తరు, మనవాళ్లే సాయం చేయాలి. ఏ రైడ్ ఏ రకమో వాళ్ల గైడ్‌లో ముందే రాసి ఉంటుంది. కొలంబస్ దగ్గర నేను వెతుక్కున్న బోర్డు అదే! ఇంట్లోనే పిల్లల చేత తీయించి, చదివించుకుని వెళ్లండి.

‘వీల్‌చైర్ ఉంటే క్యూ ఉండదు’ అని మనవాళ్లు అనుకుంటుంటారు. అది పాత మాట. ఈ సదుపాయాన్ని కొందరు దుర్వినియోగం చేస్తున్నారని డిస్నీ 2013లో పద్ధతి మార్చింది. 2024లో మళ్లీ మార్చి, ఆ ప్రత్యేక ఏర్పాటును ప్రధానంగా ఆటిజంలాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకు పరిమితం చేసింది. క్యూలు వెడల్పుగా ఉన్నచోట కుర్చీతోనే వరసలో వెళ్లాలి. కాబట్టి నీళ్లు, టోపీ, కుర్చీలో వేసుకునే మెత్త మర్చిపోవద్దు. కాలిపర్, కృత్రిమ కాలు ఉన్నవాళ్లు వాటిని తీయాల్సిన రైడ్లేవో వరసలో నిలబడకముందే అడగండి. వేగంగా కుదిపేవాటికి డాక్టరు మాట తప్పనిసరి.

అక్కడ ఇవన్నీ ఎవరి దయతోనో రాలేదు. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. దాని కింద 2012 మార్చి నుంచి పార్కుల్లో స్థిరంగా కట్టే కొత్త రైడ్లలో సాధారణంగా ఓ చక్రాల కుర్చీకి చోటో, మారడానికి వీలైన సీటో, మార్చే సాధనమో ఉండాలి. మనకు చట్టం లేదా అంటే ఉంది. 1995లో ఒకటి వచ్చింది. దాని స్థానంలో 2016లో ఇంకా విస్తృతమైనది చేశారు. దాని 29వ సెక్షన్‌లో వినోదం మాటా ఉంది. మన దేశం 2014లో పోలియో రహితమైంది. నాలాంటి కాళ్లు ఇక పుట్టవు, సంతోషం. కానీ ప్రమాదాల్లో నడుం పోయినవాళ్లు, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలు మన వీధివీధికీ ఉన్నారు. వాళ్లను పార్కుకు తీసుకెళ్లే తల్లులూ ఉన్నారు. గేటు దగ్గర ‘మా పిల్ల ఏమేం ఎక్కొచ్చు?’ అని అడగండి. జవాబు లేకపోతే కాగితం మీద రాసిచ్చి రండి. నేను ఆ రోజు కొలంబస్ దిగి ఊరుకున్నందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

ఇంటికొచ్చాక ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశా. ఎనభై దాటింది, చెవులు సరిగ్గా వినపడవు. మా తమ్ముడు ఫోన్లో వీడియో పెట్టి చూపించాడు. ఎంతసేపటికీ మాట లేదు.

‘‘చూశావా అమ్మా? ఊగాను’’ అన్నా గట్టిగా.

‘‘చూశాలే’’ అంది. మళ్లీ కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది, ‘‘గొలుసులు గట్టిగా పట్టుకున్నావా?’’

‘‘పట్టుకున్నానమ్మా.’’

‘‘ఊ... వాణ్ని ఇంకాస్త తొయ్యమనకపోయావా మరీ, అంత మెల్లగా తోస్తున్నాడేంటి?’’ అంది.